వెజ్, నాన్‌వెజ్, జైన్ పక్కన ఇంకొక గడి: థాయ్‌లాండ్ యాత్రలు నడిపే బెంగళూరు తెలుగు టూర్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఆర్యులారా,

నమస్కారం. నేను పద్నాలుగేళ్ళుగా బెంగళూరు జయనగరంలో ఉంటూ ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. 2023 నవంబరులో థాయ్‌లాండ్ ప్రభుత్వం భారతీయులకు వీసా అవసరం తీసేసిన తర్వాత మీ కరపత్రాలు మా అపార్ట్‌మెంటు లిఫ్టు దాకా వచ్చాయి. బ్యాంకాక్, పట్టాయా, ఐదు రాత్రులు, తెలుగు మాట్లాడే టూర్ మేనేజరు, మన భోజనం అని చదివి, కిందటి వేసవి సెలవుల్లో మేము మా పదకొండేళ్ళ అమ్మాయిని తీసుకుని మీలో ఒకరి యాత్రలో చేరాము. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ తర్వాత మరి ముగ్గురు నిర్వాహకుల ఫారాలు తెప్పించి చూశాను, ఆ సంస్థ ఫారంలోలాగే వాటిలోనూ ఆహార అలర్జీ రాయడానికి గడి లేదు. అందుకే ఈ లేఖను మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మా అమ్మాయికి వేరుశనగ అలర్జీ ఉంది. మా అత్తగారిది అనంతపురం జిల్లా. వాకిట్లో శెనక్కాయల రాశి లేని ఏడాది ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. అలాంటి ఇంటి పిల్లకు రెండో ఏట చారెడు పల్లీపొడి అన్నం తిన్న పావుగంటలో పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందకుండా పోయినప్పుడు, ఇది ఇలా కూడా అవుతుందని నమ్మడానికే మాకు చాలా రోజులు పట్టింది. ఇప్పుడు మా వంటింట్లో పల్లీ లేదు. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె అనే పల్లీల జాతర జరిగే రోజుల్లో మేము ఆ దారిన వెళ్ళము. తొమ్మిదేళ్ళుగా ఈ జాగ్రత్తలు మాకు అలవాటైపోయాయి కనుక, వాటి భారం మీ మీద వేయాలని నేను ఈ లేఖ రాయడం లేదు.

మన భాషలోనే ఉన్న ఒక చిక్కును మొదట చెప్పాలి. మనం అన్నిటికీ 'పడదు' అనే మాటే వాడతాము. వంకాయ తింటే దురద పుట్టినా పడదంటాము, పాలు తాగితే కడుపు ఉబ్బరించినా పడదంటాము, గోంగూర వేడి చేస్తుందని పెద్దవాళ్ళు మానేసినా అదే మాట. అందువల్ల 'మా పాపకు పల్లీలు పడవండీ' అని చెప్పినప్పుడు వినేవారికి అది పథ్యంలాగానో, నచ్చకపోవడంలాగానో అనిపిస్తుంది. నిజానికి ఆ పిల్ల ఒంట్లో జరిగేది వేరే సంగతి. వేరుశనగలోని ప్రోటీనును శరీరం శత్రువుగా లెక్కగట్టి ఒక్కసారిగా ఎదురుతిరుగుతుంది. కొన్ని నిమిషాల్లోనే గొంతు వాచవచ్చు, రక్తపోటు పడిపోవచ్చు. దీనికి మొదటి మందు ఎడ్రినలిన్ ఇంజెక్షన్, అది తొడ వెలుపలి కండకు వేయాలి. మనం ఇళ్ళలో ఉంచుకునే అలర్జీ మాత్రలు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయే తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవలేవు.

ఇక ఫారం సంగతి. మీ ఫారంలో భోజనం అనే మాటకు ఎదురుగా మూడే గడులు ఉన్నాయి: వెజ్, నాన్‌వెజ్, జైన్. నేను వెజ్ గడిలో గుర్తు పెట్టి, పక్కనున్న ఖాళీలో 'వేరుశనగ అలర్జీ, ప్రాణాపాయం' అని స్పష్టంగా రాసి, డాక్టరు ఇచ్చిన ఉత్తరం నకలు కూడా జతచేశాను. కౌంటరులో కూర్చున్న అబ్బాయి మర్యాదగానే తీసుకున్నాడు. అయితే కంప్యూటరులో ఆ మాట ఎక్కించడానికి గడి లేదు కాబట్టి, ఉన్నవాటిలో ప్రత్యేక భోజనంలా కనిపించిన 'జైన్' గడిని ఎంచుకున్నాడు. విమానంలో మా అమ్మాయికి ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం వచ్చినప్పుడు ఏదో పొరపాటు జరిగిందని నాకు అర్థమైంది. బ్యాంకాక్‌లో దిగగానే టూర్ మేనేజరుకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయన అక్కడి గైడుకు ఇంగ్లీషులో 'నో నట్స్' అని ఒక్క ముక్కలో చెప్పారు. గైడు హోటలువాళ్ళకు థాయ్ భాషలో 'థువా వేయకండి' అన్నారు. 'థువా' అంటే అక్కడ చిక్కుడు, సోయా, పెసలు మొదలుకొని ఆ జాతి గింజలన్నిటికీ చెల్లే మాట. వేరుశనగకు 'థువా లిసోంగ్' అని, మొలకలకు 'థువా ఙోక్' అని విడివిడిగా పేర్లున్నాయి. మొదటి రోజు మధ్యాహ్నం మా అమ్మాయి ముందుకు వచ్చిన ప్యాడ్ థాయ్‌లో మొలకలు ఒక్కటి కూడా లేవు, నూడుల్స్ మధ్య మాత్రం దంచిన వేరుశనగ కనిపించింది.

ఎవరూ నిర్లక్ష్యంగా ఉండలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఫారం మీద నేను రాసిన మాట నాలుగు చేతులు మారి వంటవాడి చెవికి చేరేసరికి అర్థం మారిపోయింది, అంతే. నేను ఆ పళ్ళెం చూశాను కాబట్టి ఆ పూట గడిచింది.

థాయ్ వంటలో వేరుశనగ ఎక్కడెక్కడ ఉంటుందో యాత్ర నడిపేవారికి తెలిసి ఉండాలని నా మనవి. ప్యాడ్ థాయ్ మీద చల్లేది కంటికి కనిపిస్తుంది కనుక దానితో పెద్ద చిక్కు లేదు. సాతే అనే కాల్చిన మాంసం పక్కన ఇచ్చే చిక్కటి పచ్చడి వేరుశనగతోనే చేస్తారు. మసామన్ కూరలో గింజలు వేస్తారు, పనాంగ్ కూరలో చాలాచోట్ల నూరి కలుపుతారు, అది రంగును బట్టి తెలియదు. పచ్చి బొప్పాయితో చేసే సోమ్ తామ్‌ను రోట్లో దంచుతారు. ఒక దుకాణంలో తరచు ఒకటే రోలు ఉంటుంది, పొద్దుటి నుంచి ఆ రోట్లో ఎన్ని గుప్పిళ్ళ పల్లీలు నలిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. మన పళ్ళెంలో వేయవద్దని చెబితే వేయరు, కాని రోలు, రోకలి అవే. నూడుల్స్ దుకాణాల్లో ప్రతి బల్ల మీదా పంచదార, ఎండుమిరప పొడి, మిరపకాయలు వేసిన వెనిగర్, చేపల రసం ఉన్న చిన్న గిన్నెల జత ఉంటుంది, కొన్నిచోట్ల అందులోనే దంచిన పల్లీల గిన్నె కూడా ఉంటుంది, పంచదారలోకి వచ్చే చెంచా అంతకుముందు ఆ గిన్నెలో ఉండి ఉండవచ్చు. ఇక మామిడిపండుతో ఇచ్చే తీపి జిగురన్నం మీద పసుపు పచ్చగా చల్లేవి వేయించిన పెసరపప్పు పలుకులు. అవేమిటో గైడు చెప్పలేకపోవడం వల్ల, బహుశా మా అమ్మాయి తినగలిగి ఉండేదాన్ని కూడా నేను పక్కకు తీయించాను.

రొయ్యల అలర్జీ ఉన్నవారి పరిస్థితి ఇంకా కష్టం. ఎరుపు, ఆకుపచ్చ కూరల ముద్దల్లో సాధారణంగా 'కపి' అనే పులియబెట్టిన రొయ్యల ముద్ద ఉంటుంది. టామ్ యమ్ సూప్‌లో కలిపే కాల్చిన మిరపకాయల కారంలో తరచు రొయ్యపొట్టు ఉంటుంది. ఉప్పుకు బదులు చాలా వంటల్లో పడేది చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన 'నామ్ ప్లా'. శాకాహారులైన మన పెద్దవాళ్ళ కోసం మీరు ఇవన్నీ ఎంత శ్రద్ధగా అడిగి తెలుసుకుంటారో నేను దగ్గరుండి చూశాను. ఆ శ్రద్ధలో కొంత అలర్జీ ఉన్నవారి వైపు మళ్ళితే చాలు, కొత్తగా నేర్చుకోవలసింది అట్టే లేదు.

అయితే శాకాహారమే క్షేమం అనుకోవడం పెద్ద పొరపాటు. రెండో రోజు మమ్మల్ని పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని రాసి ఉన్న దుకాణానికి తీసుకువెళ్ళి, 'ఇక్కడ అంతా వెజ్ మేడమ్, పాపకు భయం లేదు' అని టూర్ మేనేజరు ధైర్యం చెప్పారు. జే వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి వంటివి ఉండవన్నది నిజమే. మాంసం లేని లోటును తీర్చేవి సోయా, గోధుమ ప్రోటీను, గింజలు, పప్పులు కాబట్టి వేరుశనగకు అక్కడ అడ్డమేమీ లేదు. మూడో రోజు పట్టాయాలో మన భారతీయ హోటలుకు వెళ్ళితే, వరుసగా పెట్టిన పచ్చళ్ళలో పల్లీ చట్నీ గరిటె కొబ్బరి చట్నీలో ఉంది. మా అమ్మాయి ఆ పూట ఉత్త అన్నం, అరటిపండు తిన్నది. 'ఇంటికెళ్ళాక తింటాలే అమ్మా' అని ఆమే నన్ను ఓదార్చింది.

అదే రోజు రాత్రి సంతలో జరిగింది చెబుతాను. టూరు తరఫున అందరికీ కొబ్బరి ఐస్‌క్రీమ్ ఇప్పించారు. సగం కొబ్బరి చిప్పలో మూడు ముద్దలు పెట్టి, పైన వేయించిన పల్లీలు చల్లి ఇవ్వడం అక్కడి పద్ధతి. గైడు దగ్గరుండి చెప్పారు, అమ్మే ఆవిడ పల్లీలు చల్లకుండానే ఇచ్చింది. చల్లలేదు కదా అని నేనూ ఒప్పుకున్నాను. పల్లీల గిన్నె ఐస్‌క్రీమ్ డబ్బాకు ఆనుకునే ఉందన్న సంగతి, ముద్దలు తీసే గరిటె అంచుకు గోధుమరంగు పలుకు ఒకటి అంటుకుని ఉన్న సంగతి, నేను వెనక్కి వెళ్ళి చూసినప్పుడు గాని కంటపడలేదు. మూడు చెంచాలు తినేసరికి అమ్మాయి 'నాలుక జిలగా ఉందమ్మా' అంది. రెండు నిమిషాలకు మెడ మీద దద్దుర్లు లేచాయి, తర్వాత వాంతి, ఆ వెంటనే గొంతు బొంగురుపోయి పొడిదగ్గు మొదలైంది. టూర్ మేనేజరు గ్యాస్ అయి ఉంటుందని సోడా తెప్పించబోయారు. మా యాత్రలోనే ఉన్న ఒక పెద్దావిడ 'కొద్దికొద్దిగా తినిపిస్తే అలవాటవుతుందమ్మా, మరీ సుకుమారంగా పెంచుతున్నారు' అన్నారు. నేను సంచీలోంచి ఎడ్రినలిన్ ఇంజెక్టరు తీసి, నేల మీద పడుకోబెట్టి, ప్యాంటు మీంచే తొడకు ఆనించి నొక్కాను. అవి మన దగ్గర మందుల షాపుల్లో సులువుగా దొరకవు. అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డ పంపిన రెండింటిలో అది ఒకటి. గైడు 1669కి ఫోన్ చేశారు. అది థాయ్‌లాండ్‌లో అంబులెన్సు నంబరు. ఆ నంబరు మన టూర్ మేనేజరుకు తెలియదు.

ఆస్పత్రిలో చాలా బాగా చూశారు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉంటుందని రాత్రంతా ఉంచి, తెల్లవారి పంపించారు. మర్నాడు పొద్దున హోటలు గదికి వచ్చిన టూర్ మేనేజరు 'బయలుదేరే ముందే చెప్పి ఉండాల్సింది మేడమ్' అన్నారు. ఆయన చేతిలో ఉన్న కాగితంలో మా అమ్మాయి పేరు పక్కన 'జైన్' అని మాత్రమే ఉంది. ఆయన తప్పు లేదని అప్పుడే గ్రహించాను.

చివరి రోజు జరిగిన ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. హోటలు రిసెప్షనులో పనిచేసే అమ్మాయి మా కథంతా విని, ఒక అట్టముక్క మీద థాయ్ లిపిలో నాలుగు వాక్యాలు రాసి ఇచ్చింది. వాటి అర్థం ఇది: 'ఈ పాపకు వేరుశనగ అలర్జీ. కొంచెం తిన్నా ప్రాణం పోవచ్చు. వేరుశనగ తగిలిన రోలు, బాణలి, గరిటె, కత్తి వాడకండి. కచ్చితంగా చెప్పలేకపోతే వండలేమని చెప్పండి, మేము ఏమీ అనుకోము.' థాయ్‌లో అలర్జీకి 'ఫే' అంటారట. ఓడిపోవడానికి కూడా అదే మాట అని ఆమె చెప్పింది. ఆ అట్టముక్క పట్టుకుని బ్యాంకాక్‌లో హోటలు వెనక సందులో ఉన్న చిన్న దుకాణానికి వెళ్ళాము. అక్కడి వంటావిడ కార్డును రెండుసార్లు చదివింది, లోపలున్న భర్తకు పైకి చదివి వినిపించింది, మా బల్ల మీదున్న గిన్నెల జతను తనే తీసుకెళ్ళి పక్కన పెట్టింది. బాణలిని ఊరికే గుడ్డతో తుడవకుండా సబ్బుతో కడిగి, కొత్త నూనె పోసి, కొత్త గుడ్లు పగలగొట్టి అన్నం వేయించింది. మా అమ్మాయి మా అందరితో కలిసి బల్ల దగ్గర కూర్చుని తృప్తిగా తిన్న థాయ్ భోజనం అదొక్కటే. తిన్నంతసేపూ ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

ప్యాకెట్ల విషయంలో మనకు కొంత ఆసరా ఉంది. వేరుశనగ, రొయ్యలు, చేపలు, గుడ్లు, పాలు, సోయా వంటివి ఉంటే ప్యాకెట్ మీద చెప్పి తీరాలని మన దేశంలో 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు అంటున్నాయి, థాయ్‌లాండ్‌లోనూ ప్యాకెట్ల మీద అలర్జీ సమాచారం ఉంటుంది. గరిటెకు, రోటికి మాత్రం లేబులు ఉండదు. అక్కడ పనికొచ్చేది మనిషి చెప్పే మాట ఒక్కటే. ఆ మాట తప్పిపోకుండా చేరవేయడం మీ చేతుల్లో ఉంది.

కాబట్టి మీ ఫారంలో నాలుగో గడి పెట్టండి. 'అలర్జీ ఉందా, దేనికి, ఇంతకుముందు ఆస్పత్రి దాకా వెళ్ళారా' అని అందులో అడగండి. ప్రయాణికుడు రాసిన మాటను కుదించకుండా, తర్జుమా చేయకుండా, రాసింది రాసినట్టే టూర్ మేనేజరు కాగితంలోకి ఎక్కించండి. థాయ్ కార్డును బయలుదేరే ముందే బెంగళూరులో సిద్ధం చేయించి, థాయ్ చదవగలిగిన మనిషి చేత సరిచూయించండి. ఫోనులోని తర్జుమా యంత్రం 'నట్స్'ను ఏ గింజ చేస్తుందో చెప్పలేము. కార్డులోని నాలుగో వాక్యాన్ని, అంటే 'వండలేమని చెప్పండి' అన్నదాన్ని, దయచేసి తీసేయవద్దు. వచ్చిన అతిథికి లేదనలేక వండి పెట్టడం కంటే లేదనడమే మాకు మేలు చేస్తుందని వంటవారికి తెలియాలి. భోజనం ఏర్పాటు చేసిన హోటలుకు ముందు రోజే గైడు చేత ఫోన్ చేయించండి. నలభైమంది ఒకేసారి దిగిన పన్నెండున్నర గంటలకు ఏ వంటింట్లోనూ ఎవరి మాటా వినే తీరిక ఉండదు. అలర్జీ ఉన్న కుటుంబాన్ని ఇరవై నిమిషాలు ముందు కూర్చోబెడితే కడిగిన బాణలిలో మొదటి పళ్ళెం వాళ్ళది అవుతుంది. బయటి తిండి తేకూడదన్న షరతును ఇలాంటి కుటుంబాలకు సడలించండి. నా చిన్న రైస్ కుక్కరును మీ షరతుల కాగితం చూసే ఇంట్లో వదిలేసి వచ్చాను.

పట్టాయా నుంచి స్పీడ్‌బోటులో ద్వీపానికి తీసుకెళ్ళే రోజు గురించి వేరుగా చెప్పాలి. ఒడ్డుకు తిరిగి రావడానికి పట్టే సమయాన్ని లెక్కలో పెట్టుకుని, ఆ పూట ఇంటి నుంచి తెచ్చుకున్నదే తినమని ముందే చెప్పండి. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి పెద్దాస్పత్రి పేరు, 1669, పర్యాటక పోలీసుల 1155 మీ టూర్ మేనేజరు జేబులో ఉండాలి. ఇంజెక్టరున్న సంచీని బస్సు కింది అరలో పెట్టించవద్దు. ఎండలో నిలిపిన బస్సు వేడికి ఆ మందు పాడవవచ్చు, పాడవకపోయినా అవసరమైన నిమిషంలో చేతికి అందదు.

మీకు భయం కలగకుండా ఇంకొక మాట కూడా చెబుతాను. బస్సులో ఎవరూ పల్లీలు తినకూడదని నేను అడగడం లేదు. వాసనతో ప్రాణం మీదికి రావడం అరుదని, నోట్లోకి వెళ్ళడమే అసలు ప్రమాదమని మా డాక్టరు చెప్పారు. చిక్కీలు పంచినప్పుడు పిల్లల చేతులు తుడిపిస్తే చాలు. అయితే మొన్న మీలో ఒకరు నాకు ఫోనులో చెప్పినట్టు, 'అలర్జీ ఉన్నవాళ్ళను ఇకనుంచి తీసుకెళ్ళం మేడమ్' అని మాత్రం అనకండి. అలా అంటే తల్లిదండ్రులు ఫారంలో అసలు సంగతి దాచి పిల్లలను తీసుకువస్తారు. ఆ పిల్లలు మీ బస్సులోనే ఉంటారు, మీకు తెలియదు. బాధ్యత మాదేనని సంతకం పెట్టమంటే పెడతాను. సంతకం తీసుకున్నాక కూడా కార్డు వంటింటికి చేరాలి.

దసరా సెలవుల యాత్రలకు మీరు ఫారాలు అచ్చువేయించే సమయం దగ్గరపడింది. ఆ అట్టముక్క నకలు నా దగ్గర ఉంది. రొయ్యలకు, చేపలకు, జీడిపప్పుకు, గుడ్డుకు కూడా అదే పద్ధతిలో కార్డులు రాసివ్వడానికి ఆ రిసెప్షను అమ్మాయి ఒప్పుకుంది. మీరు కబురు చేస్తే ఏ ఆదివారమైనా మీ కార్యాలయానికి నేనే వస్తాను, సాధన కోసం ఇచ్చే సూది లేని ఇంజెక్టరును కూడా తీసుకొస్తాను. దాన్ని తొడకు ఎలా ఆనించి నొక్కాలో, ఎంతసేపు పట్టుకోవాలో మీ టూర్ మేనేజర్లకు తానే చూపిస్తానని మా అమ్మాయి అంటోంది.

భవదీయురాలు,
మీ యాత్రలో వచ్చిన ఒక ప్రయాణికురాలు,
జయనగరం, బెంగళూరు